అమ్మాయి సిస్టరుగా చేరి చదువు చెబుతానంటోంది: ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

పలమనేరు దగ్గరి ఊరినుంచి ప్రశ్న పంపిన అన్నగారికి నమస్కారం.

మీ అమ్మాయి తిరుపతిలో బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో ఉన్నదనీ, పరీక్షలు కాగానే మఠంలో చేరి కన్యాస్త్రీగా పిల్లలకు చదువు చెబుతాననీ, పంపినచోటికి మిషనరీగా వెళతాననీ పట్టుబట్టిందనీ, ఇంట్లో వాళ్ల అమ్మగారు అన్నం మానేసి కూర్చున్నారనీ రాశారు. లోపలి జీవితం ఎలా ఉంటుంది, శిక్షణ ఎన్నేళ్లు, జీతం ఎవరికి చెందుతుంది, మాకు బాగాలేనప్పుడు ఇంటికి వస్తుందా, మనసు మారితే తిరిగి రావచ్చా అన్నవి మీరు అడిగినవి. నేను కతోలిక తిరుసభలో (చర్చిలో) ఒక బోధనా సభకు, అంటే పిల్లలకు చదువు చెప్పే సిస్టర్ల సంఘానికి చెందిన కన్యాస్త్రీని. చిత్తూరు జిల్లాలోనూ బయటా గణితం చెప్పాను, తరువాత కొత్తగా చేరే అమ్మాయిల శిక్షణ చూశాను. ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను కాబట్టి తీరికగా, ఏదీ దాచకుండా రాస్తున్నాను. వీలైతే ఈ సమాధానాన్ని మీ అమ్మాయి చేత కూడా చదివించండి.

అసలు విషయం ముందు చెబుతాను. ఉపాధ్యాయిని కావాలన్న కోరిక ఒక్కటే ఉంటే దానికి మఠం అక్కరలేదు. ఆమె బి.ఎడ్. చేసి, డీఎస్సీ రాసి, ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనో పాఠాలు చెబుతూ, పెళ్లి చేసుకొని, ఆదివారం పూట విచారణలో (ఊరి చర్చి పరిధిలో) చిన్నపిల్లలకు సత్యోపదేశం, అంటే మత పాఠాలు నేర్పుతూ జీవిస్తే అది ఏ విధంగానూ తక్కువ సేవ కాదు; మా బళ్లలో మాతోపాటు పనిచేసిన గృహస్థులైన టీచర్లలో మాకంటే గొప్పవాళ్లను నేను చూశాను. కన్యాస్త్రీ జీవితంలో బోధన ఒక పని మాత్రమే. ఎక్కడ, ఎవరికి, ఎంతకాలం అన్నది తాను ఎంచుకోకుండా సభ పంపినచోటికి వెళ్లడం ఆ పనికి పునాది. బాగా కుదిరిన బడినీ, చేతికి అలవాటైన పిల్లలనూ వదిలి, వేసవిలో వచ్చిన బదిలీ ఉత్తరం అందుకొని ఒక్క పెట్టెతో బస్సెక్కగలిగిన మనసు ఆమెకు ఉందా, ఇప్పుడు లేకపోయినా దేవుని మీది ప్రేమతో దాన్ని పెంచుకోవాలన్న ఆశ ఉందా అన్నదే మీరు ఆమెతో కూర్చొని మాట్లాడవలసిన సంగతి. బయటివాళ్లు బ్రహ్మచర్యమే కష్టమనుకుంటారు. నాకు తెలిసిన సిస్టర్లలో ఎక్కువమంది కన్నీళ్లు పెట్టుకున్నది మాత్రం బదిలీ రోజున.

రోజువారీ జీవితం బయటికి కనిపించినంత నిశ్శబ్దంగా ఉండదు. తెల్లవారుజామున ఐదింటికి అటూ ఇటూగా లేస్తాము. ధ్యానం, ఉదయకాల ప్రార్థన, గురువు (ఫాదర్) అందుబాటులో ఉంటే దివ్యబలిపూజ అయ్యేసరికి ఏడు దాటుతుంది. టిఫిను తిని, వంతు ప్రకారం గిన్నెలు కడిగి, ఎనిమిదిన్నరకల్లా బడి ఆవరణలో నిలబడాలి. అక్కడినుంచి సాయంత్రం దాకా ఏ టీచరుకైనా ఉండే పనే: పాఠాలు, పరీక్ష పేపర్లు, ఫీజు కట్టలేని తల్లిదండ్రుల మొర, రాని నీళ్ల ట్యాంకరు, ప్రభుత్వం బడుల లెక్కలు తీసుకునే యూడైస్‌లో ఎక్కించవలసిన వివరాలు. బడి వదిలాక తక్కిన టీచర్లు ఇళ్లకు వెళతారు, మాకు బోర్డింగు పిల్లలు ఉంటారు. వాళ్ల స్నానాలు, జ్వరాలు, తగవులు, స్టడీ అవర్ అయిన తరువాత సాయంకాల ప్రార్థన, అందరూ కలిసి భోజనం, ఒక అరగంట కబుర్లు, రాత్రి ప్రార్థన. ఆపైన మౌనం. నోటుబుక్కులు దిద్దుకునేది ఆ మౌనంలోనే.

స్టడీ అవర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఈ జీవితం ఎందుకు అని నన్నెవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది అదే. కుప్పం వైపునుంచి వచ్చే పిల్లల్లో కొందరు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడతారు, బడిలో తెలుగులో రాస్తారు, గణితం ఇంగ్లిషులో చదవాలి. మదనపల్లె మండీకి టమోటా వేసే రైతు బిడ్డ ఒకతె ఆరో తరగతిలో ఉండేది. ఇన్ని క్రేట్లు, క్రేటు ఇంత, మండీ కమీషను ఇంత, బండి బాడుగ ఇంత పోతే నాయన చేతికి ఎంత వస్తుందని అడిగితే కాగితం లేకుండా చెప్పేది. అదే లెక్క పుస్తకంలో నాలుగు వాక్యాలుగా కనబడితే పెన్సిలు కొరుకుతూ కూర్చునేది. ఆ పిల్లకు లెక్క రాక కాదు, వాక్యం అర్థం కాక. పక్కన కూర్చొని ఒక్కొక్క వాక్యాన్నీ మండీ మాటల్లోకి మార్చి చెప్పించడానికి తరగతి గదిలో నలభై అయిదు నిమిషాలు చాలవు. పిల్లలున్న చోటే రాత్రి కూడా ఉండేవాళ్లకు ఆ సమయం దొరుకుతుంది. పెళ్లి, సంసారం వద్దనుకోవడంలో త్యాగం ఉందని అందరూ అంటారు. ఈ తీరిక కూడా ఉందని నేనంటాను.

ఇక జీతం సంగతి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలలో మొదటిదానికి తిరుసభ చట్టం ఇచ్చే అర్థం చాలా స్పష్టంగా ఉంటుంది. వ్రతం తీసుకున్నాక ఆమె కష్టార్జితమంతా, పింఛనుతో సహా, సభకు చెందుతుంది. సభ ఆమె తిండి, బట్ట, చదువు, వైద్యం, ముసలితనం చూసుకోవాలి. ఎయిడెడ్ బడిలో పనిచేసే సిస్టరుకు ప్రభుత్వం జీతాన్ని ఆమె పేరునే ఇస్తుంది, ఆమె దాన్ని సభకు అప్పగిస్తుంది. ఈ జీతాల మీద ఆదాయపు పన్ను కోయవచ్చా అన్న వివాదం చాలాకాలం నడిచింది. మిషనరీలకు మినహాయింపు ఇస్తూ 1944లోనూ 1977లోనూ వచ్చిన సర్క్యులర్లు ఆధారంగా సభలు వాదించాయి. 2019లో మద్రాసు హైకోర్టు పన్ను కోయవలసిందేనని చెప్పింది, 2024 నవంబరులో సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది. డబ్బు తన చేతిలో ఉంచుకోకపోయినా, చట్టం దృష్టిలో ఆమె జీతం తీసుకునే ఉద్యోగినే. ఇప్పుడు ఎయిడెడ్ పోస్టులే తగ్గిపోయాయి కాబట్టి ఎక్కువమంది సిస్టర్లు సభ సొంత బళ్లలో పనిచేస్తారు.

మీరు ఆమె పేర రాసిన పొలం ఏమవుతుందని కూడా అడిగారు. మొదటి మాటపట్టుకు (వ్రతాలు తీసుకునే కార్యానికి) ముందు ఆమె తన ఆస్తి నిర్వహణను తనకు నచ్చినవారికి అప్పగించాలి. శాశ్వత మాటపట్టుకు ముందు దేశ చట్టప్రకారం చెల్లే వీలునామా రాయాలి. అంటే మాలాంటి చాలా సభలలో ఆస్తి హక్కు ఆమెదిగానే మిగులుతుంది, దాన్ని అనుభవించే పని మాత్రం వదులుకుంటుంది. నిర్వహణ మీకే అప్పగించవచ్చు. పాత 1917 తిరుసభ చట్టంలో మఠంలో చేరే స్త్రీలకు కట్నం నియమం ఉండేది. ఇప్పుడు అమలులో ఉన్న 1983 చట్టంలో అది లేదు. ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే ఎందుకని నిలదీసి అడగండి.

ఈ పంపబడే జీవితం స్త్రీలకు ఊరికే దొరకలేదు. మీ అమ్మాయికి ఈ చరిత్ర తెలియాలని నా కోరిక. ఒకప్పుడు కన్యాస్త్రీ అంటే మఠం గోడల లోపలే ఉండేది. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ ఆ గోడలను మరింత గట్టి చేసింది. అటువంటి కాలంలో మేరీ వార్డ్ అనే ఇంగ్లండు వనిత, 1609లో కొద్దిమంది స్నేహితురాళ్లతో కలిసి, ఆడపిల్లలకు బళ్లు పెట్టి చదువు చెప్పాలనీ, గోడల మధ్య బందీలుగా ఉండకుండా అవసరమున్నచోటికి వెళ్లాలనీ ఒక సభను మొదలుపెట్టింది. పురుషులైన ఏసుసభ (జెస్యూట్) గురువులు ఎలా వెళుతున్నారో అలాగే వెళ్లాలని ఆమె పట్టుదల. ఆడవాళ్లు ఇలా తిరగడమేమిటని ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వెళ్లాయి. 1631లో పోప్ ఎనిమిదవ ఉర్బన్ ఆ సభను రద్దు చేశారు. ఆమెను మ్యూనిక్‌లో మరో మఠంలోని గదిలో బంధించారు. అక్కడినుంచి ఆమె తన సిస్టర్లకు నిమ్మరసంతో, కంటికి కనబడకుండా ఉత్తరాలు రాసేది. కాగితాన్ని వేడిచేస్తే అక్షరాలు తేలేవి. విడుదలైన తరువాత కూడా ఆమె తిరుసభను వదలలేదు, తన ఆలోచననూ వదలలేదు. 1645లో మరణించింది. ఆ సభకు పోపు ఆమోదం పూర్తిగా లభించింది 1877లో. ఆమెను స్థాపకురాలు అని పిలవడానికి అనుమతి 1909 దాకా రాలేదు. బయట తిరిగి బళ్లూ ఆసుపత్రులూ నడిపే సిస్టర్లు కూడా సంపూర్ణమైన సన్యాసినులేనని 1900లో పదమూడవ లియో పోపు ప్రకటించేదాకా, వందల సభల సిస్టర్లు చట్టం దృష్టిలో సగం గుర్తింపుతోనే పనిచేశారు.

ఆ మేరీ వార్డ్ నాటిన చెట్టుకు మొలిచిన ఒక కొమ్మే లొరెటో సభ. ఆ సభ సిస్టర్లు 1841లో కలకత్తాకు వచ్చారు. మదర్ తెరెసాను ప్రపంచం పేదల తల్లిగానే గుర్తుంచుకుంటుంది కాని, ఆమె దాదాపు ఇరవై ఏళ్లు ఈ సభలో ఉపాధ్యాయిని. 1928లో పద్దెనిమిదేళ్ల వయసులో ఇల్లు వదిలి, 1929 జనవరిలో భారతదేశం చేరి, డార్జిలింగులో శిక్షణ పొంది, 1931లో మొదటి వ్రతాలు, 1937లో శాశ్వత వ్రతాలు తీసుకున్నారు. కలకత్తా ఎంటాలీలోని బాలికల బడిలో భూగోళం, చరిత్ర చెప్పారు, 1944లో అక్కడే ప్రధానోపాధ్యాయిని అయ్యారు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు వెళ్లే రైలులో పేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు ఆమెకు వినిపించింది. ఆ మరునాడే ఆమె గేటు దాటి వెళ్లిపోలేదు. పెద్దలకు చెప్పారు, ఆర్చిబిషప్ పరీక్షించారు, మధ్యలో ఆమెను ఆసన్‌సోల్‌కు బదిలీ చేశారు, మాట్లాడకుండా వెళ్లారు. రోము అనుమతి వచ్చి, 1948 ఆగస్టులో తెల్లచీర కట్టుకొని బయటికి అడుగుపెట్టేసరికి దాదాపు రెండేళ్లు గడిచాయి. దేవుడు తనకు చెప్పాడని నమ్మిన మనిషి కూడా పంపేవారి మాట కోసం ఆగడాన్ని మేము విధేయత అంటాము. ఈ కథ నచ్చిన అమ్మాయిలు చాలామంది ఉంటారు. ఆ రెండేళ్ల ఆగుబాటును ఇష్టపడగలరా అని నేను శిక్షణకు వచ్చినవాళ్లను అడిగేదాన్ని.

మన ప్రాంతానికి వస్తే, 1911లో జిల్లాగా ఏర్పడకముందు చిత్తూరులో చాలా భాగం ఉత్తర ఆర్కాటులోనే ఉండేది, మద్రాసు, వేలూరు మనకు దగ్గర. అందుకే మన బంధువులు మిషను బడి అనగానే చిత్తూరు, మదనపల్లెలలో ఆర్కాటు మిషన్ వారు నడిపిన సంస్థలను తలుచుకుంటారు. వాళ్లు ప్రొటెస్టెంట్లు, వాళ్లలో మావంటి సిస్టర్ల వ్యవస్థ లేదు. కతోలిక గురువులు 18వ శతాబ్ది తొలినాళ్లలోనే పుంగనూరు దాకా వచ్చారు కాని, బోధనా సిస్టర్లు దక్షిణాదికి వచ్చింది తరువాత: 1842లో ఐర్లండునుంచి ప్రెజెంటేషన్ సిస్టర్లు మద్రాసుకు, 1871లో ఇటలీనుంచి సెయింట్ ఆన్స్ సిస్టర్లు సికింద్రాబాదుకు, 1904లో హాలండునుంచి జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసఫ్) సిస్టర్లు గుంటూరుకు. సలేషియన్ సిస్టర్లు 1922లో భారతదేశానికి వచ్చారు. చిత్తూరు అమ్మాయిలు ఎందరో చదివిన వేలూరు ఆక్సీలియం కళాశాల 1954లో వాళ్లు పెట్టినదే. పరాయి దేశంనుంచి వచ్చి తెలుగు నేర్చుకొని ఇక్కడే మట్టిలో కలిసిన ఆ స్త్రీలకు మనం ఋణపడి ఉన్నాం. ఇప్పుడు ఆ ప్రయాణం ఎదురుదిశలో సాగుతోంది. తెలుగు సిస్టర్లు ఈశాన్య రాష్ట్రాలకు, ఆఫ్రికాకు, ఇటలీ, జర్మనీలకు వెళుతున్నారు. మీ అమ్మాయి మిషనరీ అన్న మాట వాడింది కాబట్టి, ఇరవై ఆరేళ్ల వయసులో ఒక కొత్త భాషను అఆల నుంచి నేర్చుకోవలసి రావచ్చునని ఆమెకు తెలిసి ఉండాలి.

శిక్షణ ఎన్నేళ్లన్నదానికి తొందరలేని సమాధానం ఉంది. పెళ్లిచూపులైన నెలలోపే ముహూర్తం పెట్టే ఊళ్లు మనవి. తిరుసభ మాత్రం ఈ సంబంధాన్ని పదేళ్లదాకా పరీక్షిస్తుంది. మొదట సెలవుల్లో కొద్దిరోజులు మఠంలో ఉండి చూడటం, తరువాత క్యాండిడేటుగా (అభ్యర్థిగా) కొంతకాలం, పోస్టులెంటుగా (ఆ తరువాతి మెట్టులో) ఆరు నెలలనుంచి ఏడాదికి పైగా. ఈ దశల నిడివి సభను బట్టి మారుతుంది. అటుపైన నోవిషియేట్, అంటే వ్రతాలకు ముందు ఉండే అసలు శిక్షణ కాలం. దానికి పదిహేడేళ్లు నిండి ఉండాలి, కనీసం పన్నెండు నెలలు ఉండాలి, సాధారణంగా రెండేళ్లు మించకూడదు. నోవిషియేట్‌లో బడి పని ఉండదనే చెప్పాలి. ప్రార్థన, సభ నియమావళి, తనను తాను తెలుసుకోవడం, తోటపని, వంటపని ఉంటాయి. చురుకైన అమ్మాయిలకు ఇదే కష్టమైన కాలం. తరువాత మొదటి మాటపట్టు, దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఆ వ్రతాలు తాత్కాలికం: మూడేళ్లకు తక్కువ కాకుండా, ఆరేళ్లకు మించకుండా, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్లదాకా పొడిగించవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనిదే శాశ్వత మాటపట్టు చెల్లదు. బలవంతంతో, భయంతో, మోసంతో జరిగిన ప్రవేశం కూడా చెల్లదని చట్టం చెబుతుంది. ఈ బలవంతం రెండువైపులా ఉంటుంది: చేరమని ఒత్తిడి చేసే సిస్టర్లూ ఉంటారు, మొక్కుకున్నామని పంపే తల్లిదండ్రులూ ఉంటారు. మీ ఇంట్లో అది లేదు, సంతోషం.

ఊళ్లో వాళ్లు, పైగా తిరుపతి బంధువులు, ఇదంతా మతం మార్చడానికేనని అంటున్నారని బాధపడ్డారు. నేను తిరుపతిలో పనిచేసినప్పుడు నా తరగతిలో ఎక్కువమంది హిందువుల పిల్లలు. పెరటాసి శనివారాలు పాటించేవాళ్లు, గంగమ్మ జాతరకు వేషం వేసేవాళ్లు, కొండకు వెళ్లి గుండు చేయించుకొని చందనం పూసుకొని సోమవారం బడికి వచ్చేవాళ్లు. ఆ గుండు మీద చెయ్యి పెట్టి కొండమీద చలిగా ఉందా అని అడిగి లెక్కల పుస్తకం తెరిపించడమే నా పని. ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న బడిలో, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ మతబోధకు కూర్చోబెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అందుకే కతోలిక పిల్లలకు సత్యోపదేశం, తక్కినవాళ్లకు నీతిబోధ వేరువేరుగా నడుస్తాయి. క్రీస్తును ప్రకటించడం మా జీవితంలో భాగమే, దానిని నేను దాచను. అయితే తొమ్మిదో తరగతిలో పెళ్లి చేసేస్తామన్న ఇంటికి సాయంత్రం వెళ్లి అరుగుమీద కూర్చొని, పదో తరగతి దాకానైనా ఆగమని వాళ్ల నాయనను ఒప్పించడం, శ్రీకాళహస్తి వైపు యానాదుల కాలనీలో జనన ధ్రువపత్రం లేని పిల్లకు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి కాగితం పుట్టించి బడిలో చేర్చడం, ఇవి నేను ఆ ప్రకటనకు పూసిన రంగులు కావు. నా విశ్వాసం నాచేత చేయించిన పనులు.

మీకు బాగాలేనప్పుడు ఇంటికి వస్తుందా అన్నారు. పూర్వం రాకపోయేవాళ్లు. మదర్ తెరెసా ఇల్లు వదిలిన తరువాత తల్లిని మళ్లీ చూడలేదు. ఇప్పుడు ప్రతి సభకూ ఇంటి సెలవుల నియమం ఉంది, ఏడాదికొకసారో రెండేళ్లకొకసారో కొద్దిరోజులు పంపుతారు. తల్లిదండ్రుల అనారోగ్యానికి, మరణానికి విడిగా అనుమతిస్తారు. తగిన కారణముంటే ఒక సిస్టరు పెద్దల అనుమతితో ఏడాదిదాకా మఠం బయట ఉండవచ్చునని చట్టమే చెబుతుంది, ముసలి తల్లికి సేవ చేయడానికి అలా వెళ్లినవాళ్లు నాకు తెలుసు. అయితే కర్మకాండలకూ, తమ్ముడి పెళ్లికీ, పండుగలకూ కూతురు ఉండి తీరాలన్న లెక్క మీకుంటే అది సాగదు. డబ్బు పంపడం కూడా ఉండదు. 1917 చట్టంలో, గడవని స్థితిలో ఉన్న తల్లిదండ్రులను పోషించవలసిన బిడ్డను చేర్చుకోవడం తగదని స్పష్టంగా రాసి ఉండేది. ఇప్పటి చట్టంలో ఆ మాట లేకపోయినా వివేకం ఉన్న సభలు ఇప్పటికీ అడుగుతాయి. మీకు ఆమె సంపాదన మీదే ఆధారం ఉంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి.

తిరిగి రావచ్చా అంటే, రావచ్చు. నోవిషియేట్‌లో ఏ రోజైనా వెళ్లిపోవచ్చు. తాత్కాలిక వ్రతాల గడువు ముగిసినప్పుడు పునరుద్ధరించుకోకుండా ఆగిపోవచ్చు. శాశ్వత వ్రతాల తరువాత కూడా అనుమతి పొంది బయటికి రావచ్చు, అది కష్టమైనదారి. వచ్చినవాళ్లకు పెళ్లి చేసుకునే స్వేచ్ఛ ఉంటుంది. పనిచేసిన కాలానికి జీతం లెక్కకట్టి అడిగే హక్కు చట్టం ఇవ్వదు, కాని సభ ఆమెపట్ల న్యాయంగా, దయతో వ్యవహరించాలని చెబుతుంది. ఈ దయ అన్నిచోట్లా ఒకే రకంగా ఉండదు. నా అభిప్రాయంలో, ఆ విషయంలో నెలలకొద్దీ తాత్సారం చేసే సభలు సిగ్గుపడాలి. ఊళ్లో జనం నోళ్లు కూడా అలాంటి అమ్మాయిని నలిపేస్తాయి; ఆనాడు ఆమె పక్కన మీరు నిలబడాలి, ఇప్పుడే ఆ మాట ఆమెకు చెప్పి ఉంచండి. తలుపు తెరిచి ఉందని తెలిసిన బిడ్డ నిర్ణయం తేలికగా, నిజాయితీగా తీసుకుంటుంది.

అడగడానికి మీరు సంకోచించిన ఇంకొక విషయం మీ వాక్యాల మధ్య కనబడింది: అక్కడ ఆడపిల్లకు రక్షణ ఉందా అని. కన్యాస్త్రీల మీద గురువులు, పీఠాధిపతులు (బిషప్పులు) అధికారంతో చేసిన అకృత్యాలు ఉన్నాయని పోప్ ఫ్రాన్సిస్ 2019 ఫిబ్రవరిలో స్వయంగా ఒప్పుకున్నారు, అదే ఏడాది మే నెలలో వాటిపై ఫిర్యాదుకు తిరుసభ అంతటికీ వర్తించే నియమాలు ఇచ్చారు. దేశ చట్టప్రకారం బడిలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పోలీసు స్టేషనుకు వెళ్లడానికి ఏ వ్రతమూ అడ్డురాదు. విధేయత అంటే చెప్పిన ప్రతిదానికీ తలవంచడం కాదని, పాపానికి ఎవరూ ఆజ్ఞాపించలేరని, మనసులోని రహస్యాలను పెద్దలు బలవంతంగా చెప్పించుకోకూడదని చట్టంలోనే ఉందని నేను ప్రతి బృందానికీ మొదటి నెలలోనే నేర్పేదాన్ని. చిన్న మఠాల్లో ముగ్గురూ నలుగురూ కలిసి బ్రతికేటప్పుడు ఇంతకంటే మామూలు బాధలు ఎక్కువ: మాట పడకపోవడం, పెద్దామె చాదస్తం, ఒంటరితనం. ప్రార్థన ఎండిపోయిన సిస్టరు వాటిని భరించలేదు, ఇది అనుభవంతో చెబుతున్నాను.

ఇప్పుడు చేయవలసింది ఇదీ. ఆమెను డిగ్రీ పూర్తిచేయనివ్వండి. ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బి.ఎడ్. కూడా చేసి వెళితే మరీ మంచిది. ఆ సర్టిఫికెట్లు ఆమె పేరునే ఉంటాయి, లోపల ఉన్నా బయటికి వచ్చినా అన్నం పెడతాయి. సభలు కూడా చదివిస్తాయి కాని, ఆ చదువు ఎప్పుడు, ఏ సబ్జెక్టులో అన్నది మళ్లీ వాళ్ల నిర్ణయమవుతుంది. ఈలోపు సెలవుల్లో రెండుమూడు వేరువేరు సభల మఠాలలో ఉండి చూడమనండి, మొదట పలకరించిన సిస్టరు మంచిదని అదే సభలో చేరనక్కరలేదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు 1976లో నెల్లూరునుంచి విడివడిన కడప మేత్రాసనం (బిషప్పు పరిధి) కిందికి వస్తాయి. జ్ఞానస్నాన, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) ధ్రువపత్రాలు, అవివాహిత అన్న ధ్రువీకరణ మీ విచారణ గురువు ఇస్తారు. మీరిద్దరూ కూడా ఒకసారి మఠానికి వెళ్లండి, వాళ్ల అమ్మగారిని తప్పకుండా తీసుకువెళ్లండి. ముసలి సిస్టర్లు ఉండే గదులు చూపించమని అడగండి, ఆ గదులు ఎలా ఉన్నాయో చూస్తే సభ ఎలాంటిదో మీకే తెలుస్తుంది. కిందటి వేసవిలో బదిలీ అయి వచ్చిన సిస్టరు ఎవరైనా ఉంటే, పెద్దలు పక్కన లేకుండా మీ అమ్మాయిని ఆమెతో ఒక గంట మాట్లాడనివ్వండి.